నీళ్ళా, పాలా

పోయిన నెల అమ్మ కంటికి శుక్లం తీయించడానికి అబిడ్స్‌లో ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. సూది వేయబోతూ నర్సమ్మాయి దూదిని స్పిరిట్‌లో ముంచి అమ్మ జబ్బ మీద రుద్దింది. చల్లని, ఘాటైన ఆ వాసన ముక్కుకు తగలగానే, మందుల చీటీ పట్టుకుని నిలబడ్డ నా కాళ్ళ కింద నున్నటి గచ్చు పోయి, నాంపల్లి స్టేషన్ వెనక మేమున్న పాత ఇంటి షాబాదు బండల వసారా, తెల్లవారుజాము చలి, సీసా దీపం మీద నీలంగా ఊగే మంట, ఆ మంటకు చేతులు కాచుకుంటూ గొంతుక్కూర్చున్న ఏడేళ్ళ పిల్ల, అన్నీ వచ్చి నిలబడ్డాయి. అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. సూదికి భయపడిందనుకుని నర్సు బుజ్జగించింది. అమ్మ సూదికి భయపడే మనిషి కాదు, ఆ వాసన ఆమెకూ తగిలిందని నాకు తెలుసు. 

రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి ఆఫీసు ఫైళ్ళతో పాటు రైలెక్కి వచ్చిన గుమాస్తాల్లో మా తాతయ్య ఒకడు. ఆయన కిరాయికి తీసుకున్న రెండు గదుల వాటాలోనే నాన్న పెరిగాడు, పెళ్ళి చేసుకున్నాడు, తనూ గుమాస్తా అయ్యాడు. ఇంటివాళ్ళు పాత హైదరాబాదువాళ్ళు. ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం, చింతపండు టోకు వ్యాపారం వాళ్ళది కాబట్టి వాళ్ళ ముందు గదిలో ఏడాది పొడుగునా పులుపూ తీపీ కలిసిన వాసన ఒకటి ఈగలతో సహా తిష్ఠ వేసుకుని ఉండేది. ఇంటావిడను అందరం బాయమ్మ అనేవాళ్ళం. నుదుట రూపాయంత బొట్టు, దవడన ఎప్పుడూ ఆకూ వక్కా, పలకరించినా పోట్లాడినట్టే ఉండే గొంతు. కానీ వానలు వెనకబట్టి సీతాఫలాల గంప దిగినా, బతుకమ్మకు రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టినా మొదటి పళ్ళెం మా వాటాకే వచ్చేది. అందరికీ కలిపి వాకిట్లో ఒకటే నల్లా. పొద్దున్నే గంటసేపు వచ్చేది, ఆ గంటలో బిందెలు, బకెట్లు, డ్రమ్ములు నింపుకోవడం మగవాళ్ళ పని.

చిట్టి మా ఇంటికి ఐదేళ్ళ మనిషిగా వచ్చింది. అది పుట్టిన నెలకే అమ్మ టైఫాయిడ్‌తో మంచం పడితే అమ్మమ్మ వచ్చి పొత్తిళ్ళలో బిడ్డను బందరు ఎత్తుకుపోయింది, ఇవాళ పంపుతా రేపు పంపుతా అంటూ ఐదేళ్ళు తన దగ్గరే ఉంచేసుకుంది. బళ్ళో వేయాలని నాన్న పట్టుబట్టి తీసుకొచ్చేసరికి నాకు తొమ్మిది నిండాయి. నాంపల్లిలో రైలు దిగుతూనే అది నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా మా అక్కవి?" అని అడిగింది, నచ్చకపోతే మార్చుకునేట్టు. నాకు ఒళ్ళు మండింది. వారం తిరిగేసరికి దాని జడ నేనే వేయాలి, దాని అన్నం నేనే కలపాలి, పడుకుంటే దాని కాలు నా పొట్ట మీదే ఉండాలి.

రైలంటే దానికి పిచ్చి. స్టేషన్లో ఇంజను కూత వేస్తే తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద ఉన్నది ఉన్నట్టే ఆగి, అది వచ్చే బండో పోయే బండో తేల్చి చెప్పి గాని బిళ్ళ తన్నేది కాదు. ఆదివారాలు దుకాణాలు మూసి ఉండే అబిడ్స్ రోడ్డు పక్కన పరిచిన పాత పుస్తకాల మధ్య నాన్న వంగి వంగి వెతుక్కుంటుంటే మేమిద్దరం పెద్ద పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని, ఉప్పూ కారం రాసిన జామకాయ చెరిసగం కొరుక్కునేవాళ్ళం. దాని సగం ఎప్పుడూ పెద్దది. ఎండాకాలం డాబా మీద నీళ్ళు చల్లి పక్కలు వేస్తే, తడి సున్నం వాసనలో అది బందరు సముద్రం గురించి ఉన్నవీ లేనివీ చెప్పేది. సముద్రం నేను చూడలేదు గనక అన్నీ నమ్మేదాన్ని.

మొదట్లో దానికి ఏది తిన్నా విరేచనాలే. పుల్లలా అయిపోయింది. ఊరి నీళ్ళు పడలేదన్నారు అందరూ. అమ్మ నీళ్ళు కాచి, వడగట్టి, జీలకర్ర వేసి పట్టేది. దసరా దాటాక మెల్లగా బుగ్గలు వచ్చాయి. దీపావళికి కుట్టించిన గౌను చేతులు నెల తిరక్కుండా బిగుతయ్యాయి. పొద్దున్నే కళ్ళు తెరుచుకోనంత బొద్దుగా ఉండేది ముఖం. బాయమ్మ దాని గడ్డం పట్టుకుని ఊపి, "సూడుండ్రి, మా గండిపేట నీళ్ళు పట్టినయ్ పిల్లకు. గిదే పిల్ల ఎట్ల వచ్చింది, ఎట్లయింది" అని గల్లీ అంతా వినపడేట్టు చెప్పింది. అమ్మ పొంగిపోయి బందరుకు కార్డు రాసింది, ఇక బెంగ పెట్టుకోవద్దని, చిట్టికి ఈ ఊరి నీళ్ళు ఒంటికి పట్టాయని. ఆ కార్డు అబిడ్స్ పోస్టాఫీసు డబ్బాలో వేసింది నేనే.

ఒక సోమవారం నాన్న దాని కాలికి మేజోడు తొడుగుతూ ముంగాలి మీద బొటనవేలు ఆనించాడు. వేలు తీశాక అక్కడ గుంట ఉండిపోయింది. నాన్న మళ్ళీ నొక్కాడు, రెండో గుంట పడింది. చిట్టికి చక్కిలిగింత పుట్టి నవ్వింది. నాన్న నవ్వలేదు.

పిల్లల దవాఖానలో డాక్టరు పెద్దాయన, నెమ్మదైన మనిషి. అమ్మ అలవాటుగా ఊరి నీళ్ళ సంగతి ఎత్తితే, "పిల్ల ఒళ్ళు చేయలేదమ్మా, ఒంటికి నీరు పట్టింది" అన్నాడు. మూత్రపిండాలు రెండు జల్లెడలని, చిట్టి జల్లెడల కన్నాలు పెద్దవై ఒంట్లో నిలవాల్సిన సత్తువంతా మూత్రంలో పోతోందని, అది పోతే రక్తంలో ఉండాల్సిన నీరు చర్మం కిందికి చేరుతుందని కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. చాలామంది పిల్లలకు పెద్దయ్యేసరికి తగ్గిపోతుందని కూడా చెప్పాడు. ఈ జల్లెడలు ఎప్పుడు తయారవుతాయని అమ్మ అడిగింది. తల్లి కడుపులో ఉన్నప్పుడేనని ఆయన ఊరికే జవాబిచ్చాడు. అమ్మకు ఆ ఒక్క ముక్కే చెవిన పడింది. చిట్టి కడుపులో ఉన్నప్పుడు అమ్మకు బలపాలు తినే వెర్రి పట్టిందట, నా పలక పెట్టెలోవి దొంగతనంగా తినేదట. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు మూడుసార్లు చెప్పినా ఆవిడ ఇంటికొచ్చి బందరు నుంచి వచ్చిన జవాబు కార్డు పట్టుకుని ఏడ్చింది. అందులో అమ్మమ్మ, నీళ్ళు పట్టినందుకు చాలా సంతోషం అని రాసింది.

అప్పటి నుంచి మా ఇంట్లో తెల్లవారడమే వేరుగా ఉండేది. డాక్టరు చెప్పినట్టు నాన్న కోఠి వెళ్ళి గాజు గొట్టాలు, స్పిరిట్ దీపం, ఒక పుల్లటి మందు చుక్కల సీసా కొనుక్కొచ్చాడు. చిట్టి లేవగానే పోసిన మూత్రం కొంచెం గొట్టంలో పట్టి, దీపం మీద కాచి, చుక్కలు వేసి చూడాలి. తేటగా ఉంటే మంచిది. తెల్లబడితే సత్తువ పోతున్నట్టు. విరిగి ముద్ద కడితే మరీ ఎక్కువ పోతున్నట్టు. తేటకు సున్న, తెలుపుకు ఒక గీత, ముద్దకు రెండు గీతలు పుస్తకంలో వేయాలి. వరసగా మూడు రోజులు గీతలు వస్తే ఆ రోజే దవాఖానకు తీసుకురావాలి. నిప్పుతో పని, పెద్దవాళ్ళే చూడాలి అని కూడా ఆయన చెప్పాడు. సున్నలూ గీతలూ చిట్టికి నచ్చలేదు. తేటవి నీళ్ళు, తెల్లవి పాలు, ముద్దవి పెరుగు అని అదే పేర్లు పెట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, "నీళ్ళా, పాలా?" అని అడిగేది. నాన్న వెలుగుకు ఎత్తి చూసి, కాసేపు ఊరించి, "నీళ్ళే" అంటే చప్పట్లు కొట్టేది. ఇంతకు ముందు మోసం చేసిన మాట అలా మా ఇంట్లో మంచి కబురైంది.

ఉప్పు మానాలన్నారు. అమ్మ పప్పులో ఉప్పు వేసే ముందు చిట్టికని ఒక గరిటె పక్కన తీసేది. ఉగాది పచ్చడి కూడా దాని గిన్నెలో ఐదు రుచులతోనే ఉండేది. అది మారాం చేస్తే నాన్న తన కంచం దాని పక్కకు లాక్కుని, తనకూ ఉప్పు పడదని చెప్పి ఆ చప్పిడి కూడే తినేవాడు, అమ్మకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. బాయమ్మ దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొచ్చింది. తన నోటితో తనే ఆ నీళ్ళ మాట అన్నానని ఆవిడ ఎన్నిసార్లు చెంపలేసుకుందో. డాక్టరిచ్చిన మాత్రలకు చిట్టి ముఖం గుండ్రంగా ఊరింది, బుగ్గల మీద నూగు వచ్చింది. సున్నలు వచ్చేవి, మాత్రలు తగ్గించేవారు, నాలుగు నెలలకు మళ్ళీ పాలు వచ్చేవి, మళ్ళీ మొదటికి వచ్చేది. అలా రెండేళ్ళు.

నాంపల్లిలో జనవరి వస్తే నుమాయిష్, ఊరంతా కదిలొచ్చే ఎగ్జిబిషన్. మైదానం మా ఇంటికి నడిచిపోయేంత దగ్గర, సాయంత్రమైతే ఆ మైకుల మోత, మిర్చిబజ్జీల వాసన మా వాకిట్లోకే వచ్చేవి. లోపల పిల్లల రైలు ఒకటి మైదానం చుట్టూ తిరుగుతుంది. మొదటి ఏడాది జబ్బు కొత్త, వెళ్ళలేదు. రెండో ఏడాది సరిగ్గా వెళ్ళే వారం పాలు వచ్చాయి, దవాఖానలో మంచం మీద నుంచే అది ఆ ఇంజను కూత విన్నానని చెప్పింది. అంత దూరం వినపడదని నేనన్నాను. వినపడిందని ఒట్టేసింది. మూడో ఏడాది, ఫిబ్రవరిలో నుమాయిష్ మూసే ముందు ఆఖరి ఆదివారం వెళ్దామని నాన్న మాటిచ్చాడు.

అప్పటికి గొట్టం చూసే పని నాదైంది. ఆ చలికాలం నల్లా సన్నగా వచ్చేది, నాన్న అక్కడే నిలబడాల్సి వచ్చేది. నాకు పన్నెండేళ్ళు వచ్చాయి, రెండేళ్ళుగా పక్కన కూర్చుని చూస్తున్నదాన్నే. అమ్మకు చెప్పకు, నిప్పంటే కంగారు పడుతుంది అని నాన్న నాకొక్కదానికే చెప్పి దీపం అప్పగించాడు. వంటింట్లో ఉన్న అమ్మ నాన్నే చూస్తున్నాడనుకునేది.

ఆ గురువారం గొట్టంలో చుక్కలు వేయగానే తెల్లటి మబ్బు దిగింది. చిట్టి కళ్ళు తెరిచి చూసింది. అది ఏడవలేదు, నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, రాయకు. రైలెక్కొచ్చాక రాద్దువుగాని" అంది. నల్లా దగ్గర నుంచి నాన్న ఏమైందని కేకేశాడు. "నీళ్ళే నాన్నా" అన్నాను. సున్న వేశాను. శుక్రవారం కూడా పాలే. సున్న వేశాను. అమ్మ దాని జడ అల్లుతూ, కళ్ళు ఉబ్బినట్టు లేవూ అని గొణుక్కుని, లేచి వెళ్ళి పుస్తకం తిప్పింది. సున్నలు చూసి, మాత్రల ముఖమే లెమ్మనుకుంది. తన కళ్ళ కంటే పుస్తకాన్ని నమ్మింది.

శనివారం గొట్టంలో పెరుగు. చిట్టి ఆ రోజు కళ్ళు మూసుకునే ఉంది, చూడటానికి భయపడింది. "నీళ్ళా, పాలా?" అంది. ఆ ముందు రెండు రోజులూ ఇద్దరం కలిసి నాన్నకు అబద్ధం చెప్పాం. ఆ రోజు దానికి కూడా చెప్పాను. "నీళ్ళే" అన్నాను. అది కళ్ళు తెరిచేలోపు గొట్టం తూములో వంపేశాను. "చూశావా, దానంతటదే తగ్గిపోయింది" అని అది నవ్వింది, ముందు పళ్ళు రెండూ ఊడిన నోటితో.

ఆదివారం నుమాయిష్‌లో అది రైలు పెట్టెల్లో అన్నిటికంటే ముందు దానిలో, ఇంజను తోలే అతని వెనకే కూర్చుంది. మూడుసార్లు తిరిగింది, మూడుసార్లూ మా ముందు నుంచి పోతున్నప్పుడు లేచి నిలబడి కూత వేసింది. దిగాక చెప్పు బిగుతైందంటే నాన్న మోకాళ్ళ మీద కూర్చుని పటకా వదులు చేశాడు. పటకా కింద పాదం మీద లోతుగా గాడి పడి ఉంది. నాన్న దాన్ని వేలితో తడిమి, చాలా నడిచిందిలే అని తనకు తనే చెప్పుకుని చిట్టిని భుజానికెత్తుకున్నాడు. నేను పక్కనే పీచుమిఠాయి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడైనా చెప్పాల్సింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోయింది, కడుపు పట్టుకుని చుట్ట చుట్టుకుపోయింది. దవాఖానలో కడుపులో చేరిన నీరు చెడిపోయిందన్నారు. పెద్ద డాక్టరు పుస్తకం అడిగాడు. అమ్మే చెంగులోంచి తీసి ఇచ్చింది. ఆయన సున్నలు చూశాడు, చిట్టి పాదాలు చూశాడు, ఇది నాలుగైదు రోజుల నాడే మొదలైందని, ఇంట్లో ఎవరు చూశారని అడిగాడు. గొంతు పెంచను కూడా లేదు. నాన్న పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. ఆయన సున్నలు గుండ్రంగా ఉంటాయి, నావి కోలగా ఉంటాయి. నాన్న వాటి వంక చూసి, తలెత్తి నా వంక చూశాడు, ఒక్కసారే.

"నేనేనండి. నేనే సరిగ్గా చూసుకోలేదు" అన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున, నల్లా వచ్చే వేళకు చిట్టి పోయింది. దాన్ని తెచ్చి వసారాలో పడుకోబెడితే ముఖం ఇంకా నీరుతో నిండుగా ఉంది. తెలియక చూసేవాళ్ళు, అయ్యో ఆరోగ్యంగా ఉన్న పిల్ల అన్నారు. బాయమ్మ నోట్లో కొంగు కుక్కుకుని గోడకు తల బాదుకుంది.

నేను చంపానని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడూ కొన్ని రోజులు అనుకుంటాను. పెద్దదాన్నయ్యాక పిల్లల డాక్టరొకాయన్ని, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను, మూడు రోజులు ముందు తీసుకెళ్తే బతికేదా అని. బతకొచ్చు, బతక్కపోవచ్చు, చెప్పలేం అన్నాడు. ఈ రోజుల్లో కాగితం పుల్ల ముంచితే రంగు చెప్పేస్తుంది, ఇంత శ్రమ లేదు అని కూడా అన్నాడు.

పూర్వం అమ్మ పొద్దున్నే కాఫీ గ్లాసు కొంగుతో పట్టుకుని తెచ్చి నాన్న చేతికి ఇచ్చేది, వేళ్ళు కాలతాయని నాన్న రెండు చేతులా అందుకునేవాడు. రోజూ అదే తంతు, రోజూ కాస్త నవ్వు. చిట్టి పోయిన తరవాత అమ్మ ఆ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఏదైనా ఒకటి మాడినా, పోయినా, మరిచినా, "ఆ మూడు రోజులు కళ్ళెక్కడ పెట్టుకున్నారో" అనేది. నాన్న పేపరు పేజీ తిప్పేవాడు. కడుపుతో ఉన్నప్పుడు బలపాలు తిన్నందుకు తనను తాను తిట్టుకునే అమ్మ ఇక ఆ మాట ఎత్తలేదు. తిట్టడానికి మనిషి దొరికాడు. నాకన్నీ అర్థమయ్యేవి. చదువయింది, ఉద్యోగం వచ్చింది, జుట్టు నెరిసింది. నాన్నతో ఒంటరిగా ఉన్నప్పుడు చాలాసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ ఆయన చేత్తో వద్దన్నట్టు ఆపి, ఇంకో సంగతి ఎత్తుకునేవాడు. పోయినేడు ఆయన పోయాడు. చివరి రోజు కాఫీ కూడా గట్టు మీదే ఉంది.

కంటికి కట్టు కట్టిన రోజు సాయంత్రం అమ్మ మంచం మీద రెండో కన్ను కూడా మూసుకుని వెల్లకిలా పడుకుని, "ఆ స్పిరిట్ వాసనకి చిట్టి పక్కన కూర్చున్నట్టయింది" అంది. ఆవిడకు నా ముఖం కనపడదన్న ధైర్యంతో చెప్పేశాను. నల్లా, దీపం, గురువారం, శుక్రవారం, శనివారం, కోల సున్నలు, డాక్టరు ముందు నాన్న చూసిన చూపు, అన్నీ చెప్పాను. చెంప మీద కొడుతుందేమోనని, కొడితే బాగుండుననీ కూర్చున్నాను. దూరంగా నాంపల్లి స్టేషన్లో బండేదో కూత వేసింది, వచ్చేదో పోయేదో నాకు తెలియదు.

అమ్మ, "శనివారం నీళ్ళేనని చెప్తే, నవ్విందా?" అని అడిగింది.

"నవ్విందమ్మా" అన్నాను.

తల ఊపింది. ఆ తరవాత, నాతో కాదు, "ఆయన చేతికి ఒక్క పూట కాఫీ ఇవ్వలేదు" అంది. కట్టు కింద కన్ను తడవకూడదని డాక్టరు చెప్పాడు, తుడవడానికి నాకు చేతులు రాలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, దాని చోట నాలుగంతస్తుల సెల్‌ఫోన్ల దుకాణాలు లేచాయి. నల్లా లేదు, వసారా లేదు, బాయమ్మ ఎప్పుడో పోయింది, ఉస్మాన్‌గంజ్ బెల్లం వాసన ఆ గల్లీలో ఎవరికీ గుర్తు లేదు. దీపం, గొట్టాలు ఏమయ్యాయో తెలియదు. పుస్తకం మాత్రం నాన్న పోయాక ఆయన పెట్టెలో అడుగున, చొక్కా గుడ్డలో చుట్టి దొరికింది; నా మూడు సున్నల దగ్గర కాగితం వేలిముద్రలతో మాసి ఉంది.

కట్టు విప్పిన మర్నాడు, కొత్త కంటితో అమ్మ తనే స్టవ్ దగ్గరికి పోయి కాఫీ కలిపింది. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టలేదు. నేను లేచి వచ్చేసరికి హాల్లో నాన్న ఫోటో ముందు అమ్మ నిలబడి ఉంది, కొంగుతో పట్టుకున్న గ్లాసు రెండు చేతులా ముందుకు చాపి. పొగలు తగ్గాయి, కాఫీ మీద మీగడ కట్టింది. కూర్చోమ్మా అన్నాను. వినలేదు. అది పూర్తిగా చల్లారేదాకా అలా పట్టుకునే నిలబడింది.